చిన్నోడి ప్రశ్నలకు జవాబు చెప్పేటప్పుడు

హన్మకొండ

బిడ్డా,

"పెద్దమ్మా, వీడి ప్రశ్నలతో తల తిరుగుతోంది, సగం వాటికి జవాబు నాకే తెలియదు, టెన్షన్ వస్తోంది" అని మొన్న నువ్వన్న మాట మనసులోనే ఉండిపోయింది. ఫోన్‌లో తేలే ముచ్చట కాదని రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడిలో సైన్సు చెప్పినదాన్ని. అక్కడ నేను చేసిన తప్పులు నువ్వు చేయొద్దని నా ఆశ.

వాడు అడగ్గానే జవాబు చెప్పెయ్యకు. "నీకేమనిపిస్తోంది?" అని ముందు నువ్వు అడుగు. వాడికి పరీక్ష పెట్టడానికి కాదు, అసలు వాడేం అడుగుతున్నాడో నీకు తెలియడానికి. ఉరుము ఎట్లా వస్తుందని అడిగాడన్నావు కదా. వాడికి కావలసింది మబ్బుల్లో కరెంటు గురించో, పిడుగు మనింటి మీద పడుతుందేమోనన్న భయానికి ధైర్యమో ఎవరికి తెలుసు? భయపడే పిల్లవాడి చెవికి పాఠం ఎక్కదు. ఒళ్లో కూర్చోబెట్టుకొని, మెరుపు మెరవగానే ఇద్దరూ కలిసి సెకన్లు లెక్కపెట్టండి. వెలుగు అప్పటికప్పుడే కంటికి చేరుతుంది, శబ్దానికి మాత్రం కిలోమీటరు రావడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. 9 లెక్కపెట్టాక ఉరిమితే ఆ మెరుపు మూడు కిలోమీటర్ల అవతలిది. దూరంగా ఉందని బయటికి మాత్రం పోనివ్వకు, తర్వాతిది దగ్గర్లోనే పడొచ్చు. చెట్టు కిందికి అసలే వద్దు.

ఇంకో మాట. తెలిసిందంతా ఒకేసారి చెప్పకు. మా దగ్గర ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్‌లో పిల్లలను తీసుకెళ్తే లోపలికి అడుగుపెట్టకముందే తుమ్ములు. "మిరపకాయ ఎందుకు మండుతుంది టీచర్?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవాళ్లు. మొదట్లో క్యాప్సైసిన్ అనే పదార్థం పేరు బోర్డు మీద రాసి ఊరుకునేదాన్ని. పేరు చెబితే జవాబు చెప్పినట్టు కాదని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. తర్వాత ఇట్లా చెప్పేదాన్ని: వేడి తగిలితే మెదడుకు కబురు పంపే నరాలు నోట్లో ఉంటాయి. మిరపలోని పదార్థం తగిలినా అవే నరాలు అదే కబురు పంపుతాయి. నోరు కాలకపోయినా కాలినట్టే ఉంటుంది. అంతే, అక్కడ ఆగేదాన్ని. ఆగితేనే తర్వాతి ప్రశ్న పుడుతుంది. "మరి చిలుక గుటుక్కున ఎట్లా తింటుంది?" అని ఒక పిల్ల అడిగింది. పక్షుల నరాలకు ఆ మంట తగలదు. అవి పండు తిని గింజలను దూరదూరాన వేస్తాయి, చెట్టుకు కావలసిందీ అదే. నీళ్లు తాగితే మంట ఎందుకు తగ్గదని ఇంకొకడు. ఆ పదార్థం నీళ్లలో సరిగా కరగదు, అందుకే పాలో పెరుగో నయం. ఈ నరాల సంగతి కనిపెట్టడానికి డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త పట్టుకున్నది ఈ మిరప మంటనే. 2021లో వైద్యంలో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. మన వంటింటి ప్రశ్న ఎంత దూరం పోయిందో చూడు!

తెలియనప్పుడు "నాకు తెలియదు, చూద్దాం" అను. ఇది నాకు నేర్పింది ఒక ఆరో తరగతి పిల్లగాడు. తొలకరి పడగానే చేలల్లో ఎర్రటి మఖమల్ గుడ్డలాంటి ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి కదా. వాటిని కీటకాలని ఏళ్ల తరబడి చెప్పాను. వాడు ఒకదాన్ని అరచేతిలో పెట్టుకొచ్చి, "కీటకాలకు ఆరు కాళ్లన్నారు, దీనికి ఎనిమిది ఉన్నయి" అన్నాడు. కసిరి కూర్చోబెట్టాను. ఇంటికెళ్లి పుస్తకాలు తిరగేస్తే వాడిదే నిజం. అవి సాలీళ్ల చుట్టాలు. మర్నాడు క్లాసులో అందరి ముందూ నాదే తప్పని చెప్పాను. కానీ అంతకుముందు ఎప్పుడూ చెయ్యెత్తే ఆ పిల్లగాడు మళ్లీ చెయ్యెత్తడానికి రెండు నెలలు పట్టింది. అది నాకు ఇప్పటికీ బాధే.

ఫోన్‌లో వెతకడం తప్పు కాదు, కానీ చేతితో చూడగలిగింది ముందు చేతితో చూడనివ్వు. అప్పటికప్పుడు తేలని ప్రశ్నలను ఒక నోటుబుక్కులో వాడి చేతే తారీఖు వేసి రాయించు. అమ్మ మర్చిపోదని వాడికి నమ్మకం కలగాలి.

సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు ఆ బుక్కు వెంట తెమ్మను. పాలంపేట పోదాం. 1213 నాటి రామప్ప గుడి శిఖరాన్ని నీళ్లపై తేలేంత తేలికైన ఇటుకలతో కట్టారని వాడికి ఇప్పుడే చెప్పు, ఎట్లా తేలుతాయో మాత్రం చెప్పకు. పోయే ముందు రోజు బకెట్ నిండా నీళ్లు పెట్టి రెండు సంత్రాలు ఇస్తాను, ఒకటి తొక్కతో, ఒకటి తొక్క తీసి. తొక్కలో గాలి నిండిన చిన్న చిన్న అరలుంటాయి కాబట్టి మొదటిది తేలుతుంది, రెండోది మునుగుతుంది. ఆ ఇటుకల నిండా కూడా సన్నటి రంధ్రాలే. మనం నోరు మెదపకుండా ఉంటే ఆ రెండింటికీ లంకె వాడే పెడతాడేమో చూద్దాం.

మీ పెద్దమ్మ