చెట్టు మీంచి పడినవాణ్ణి ఎత్తే ముందు

తిరుపతి

నాయనా,

108లో చేరావని తెలిసి సంతోషించి రాస్తున్నా. మామిడి కోతలు మొదలైతే కొమ్మ మీంచి పడినవాళ్ల కోసం ఫోన్లు వస్తాయి, భాకరాపేట ఘాట్‌లో పల్టీ కొట్టిన బండ్లకు కాలం లేదు. నువ్వు పోయేసరికి ఒకరు చంకలు, ఒకరు కాళ్లు పట్టి ఆటోలోకి ఎత్తుతుంటారు. ముందు అది ఆపించు, వెన్నుకు దెబ్బ తగిలి ఉండొచ్చు. కసరొద్దు, వెన్ను కదలకుండా మోసే బోర్డు పట్టడానికి వాళ్లే కావాలి.

రక్తం ధారగా కారుతుంటే మొదట దాన్ని ఆపు. తల కదలకుండా రెండు చేతులతో పట్టుకోమని ఒకరికి చెప్పు. ఊపిరి అడ్డుపడితే తల వెనక్కి వంచొద్దు, దవడ మూలలు ముందుకు నెట్టు.

స్పృహలో ఉంటే, కదిలించక ముందే "కాలివేళ్లు ఆడించు, నా చెయ్యి పిండు" అని అడుగు. పాదం నుంచి పైకి తాకుతూ రా. స్పర్శ బొడ్డు దగ్గర మొదలైందా, చనుమొనల దగ్గరా? టైముతో సహా రాయి. ఆ చీటీ లేకపోతే బలహీనత పెరుగుతోందో లేదో ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేరు. "మెడ నొప్పి లేదు" అంటే నమ్మి వదిలెయ్యొద్దు. తాగినవాడికీ, తొడ ఎముక విరిగిన నొప్పిలో ఉన్నవాడికీ మెడ సంగతి తెలియదు. ఛాతీ లేవకుండా పొట్ట మాత్రమే ఎగిసిపడుతుంటే దెబ్బ మెడలో ఉందనుకో. ఆ ఊపిరి దారిలోనే అలిసిపోవచ్చు, కన్ను తిప్పొద్దు.

బీపీ పడిపోయి, నాడి నెమ్మదిగా, ఒళ్లు వెచ్చగా ఉంటే వెన్నుపాము దెబ్బను అనుమానించు. గుండెను పరిగెత్తించే నరాలు, రక్తనాళాలను బిగించే నరాలు వెన్నుపాము నుంచే వస్తాయి, పైన తెగితే ఆ కబురు కిందికి అందదు. నాడి వేగంగా, చల్లటి చెమటలు ఉంటే రక్తం పోతున్నట్టు. రెండూ కలిసి ఉండొచ్చు కాబట్టి, తక్కువ బీపీకి కారణం వెన్నే అని తేల్చేసుకోకుండా పొట్ట, కటి, తొడలు చూడు.

బోర్డు కిందికి తోసేందుకు పక్కకు దొర్లించడానికి నలుగురు కావాలి, లెక్క చెప్పేది తల పట్టినవాడే. వాంతి వచ్చినా ఒళ్లంతా ఒక్కటిగానే తిప్పాలి. మెడకు వేసే పట్టీ, కాలర్, పెద్దదైతే గడ్డం ఎత్తి మెడను లాగేస్తుంది, కొలిచి వెయ్యి. మెడ వంగి బిగుసుకుపోయిన ముసలివాళ్లకు బలవంతంగా సరిచెయ్యొద్దు, ఉన్న వంపుకే దుప్పటి మడతలు పెట్టు.

వెనక జేబులో తాళాలు, సెల్‌ఫోన్ తీసెయ్. స్పర్శ లేనివాడు గుచ్చుకుంటోందని చెప్పలేడు, రెండు గంటల్లోనే అక్కడ పుండు మొదలవ్వొచ్చు. బోర్డు మోయడానికే, పడుకోబెట్టడానికి కాదు. రుయాకైనా స్విమ్స్‌కైనా చేరగానే దాన్ని త్వరగా తీయించి, ఆ చీటీ డ్యూటీ డాక్టరు చేతిలో పెట్టు.

మీ పెదనాన్న