కుర్చీలు చేసి బతగ్గలడా?

ప్రశ్న: మా బాబు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. తొకుజిన్ యొషియోకా అనే జపాన్ డిజైనర్ వీడియోలు చూసి, తనూ అలాగే అవుతానని, జపాన్ పంపమని పట్టుబట్టాడు. బీటెక్ మంచిదా, డిజైన్ మంచిదా? కుర్చీలు చేసి బతగ్గలడా?
– ఓ తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ అసలు భయం ఆ చివరి మాటలో ఉంది. వారానికి ఒకరైనా నన్ను ఇదే అడుగుతారు. ముందు టెన్షన్ తగ్గించుకోండి, మీ వాడు దారి తప్పలేదు.

యొషియోకా 1967లో జపాన్‌లోని సాగాలో పుట్టారు. టోక్యోలోని కువాసవా డిజైన్ స్కూల్లో చదివి ఫర్నిచర్ డిజైనర్ షిరో కురామాతా దగ్గర, తర్వాత ఫ్యాషన్ డిజైనర్ ఇస్సే మియాకే దగ్గర పని నేర్చుకున్నారు. సొంత స్టూడియో పెట్టింది 2000లో, ముప్పై మూడేళ్లకి. ఇరవై రెండుకే జీతం లెక్కలేసే మనం ఈ సంగతి గమనించాలి.

ఆయన ‘హనీ-పాప్’ కుర్చీ చూడండి. పల్చటి కాగితాలు 120, ఒకదానిమీద ఒకటి అతికిస్తే మందం ఒక సెంటీమీటరే. పందిట్లో కట్టే కాగితం బంతిలా విప్పితే తేనెపట్టు గదులు తెరుచుకుంటాయి. మనిషి కూర్చున్నాకే దానికి అసలు రూపం వస్తుంది. కాగితం బరువెలా మోస్తుందో తెలియకుండా అది కుదరదు. టోక్యో ఒలింపిక్స్ టార్చ్‌కీ అంతే. దానికి సకురా (చెర్రీ) పువ్వు ఆకారం ఇచ్చింది ఆయనే. అందులో దాదాపు 30 శాతం, 2011 భూకంప బాధితుల తాత్కాలిక ఇళ్ల నుంచి తీసిన అల్యూమినియం. మీ వాడి ఫిజిక్స్ ఎక్కడికీ పోదు.

జపాన్ విషయంలో మాత్రం నాకు అనుమానాలున్నాయి. అక్కడ చాలా డిజైన్ స్కూళ్లలో పాఠం జపనీస్‌లోనే. ‘ముందు లాంగ్వేజ్ స్కూల్, ఖర్చు పార్ట్‌టైమ్‌తో వచ్చేస్తుంది’ అనే కన్సల్టెన్సీల మాట నమ్మకండి. స్టూడెంట్ వీసా మీద చదువు రోజుల్లో వారానికి 28 గంటలకు మించి పని చేయనివ్వరు. పద్దెనిమిదేళ్ల పిల్లాడు రాత్రంతా షాపులో నిలబడి, పొద్దున బొమ్మెప్పుడు గీస్తాడు? మన దగ్గరే ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ అనే డిజైన్ డిగ్రీ ఉంది. ఆ ఐఐటీకి జపాన్‌తో గట్టి సంబంధాలే ఉన్నాయి. ముందు ఇక్కడ చదవనివ్వండి, జపాన్ సంగతి పీజీకి చూద్దాం. ఇష్టం లేని బీటెక్‌లో తోస్తే నాలుగేళ్ల ఫీజూ పోతుంది, వాడి ఉత్సాహమూ పోతుంది.

కోపం తెచ్చుకోకండి, ఒకటి అడుగుతాను. వాడు చేత్తో ఏం చేస్తాడో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదేం? వీడియోలు చూడటం వేరు, చేయడం వేరు. మీరెప్పుడైనా పక్కన కూర్చుని చూశారా?

ఈ దసరా సెలవుల్లో పాత పేపర్లు, అట్టలు, ఫెవికాల్ ఇచ్చి, మీరు కూర్చున్నా కూలని స్టూలు చేయమనండి. ఎన్నిసార్లు కూలింది, ప్రతిసారీ ఏం మార్చాడు, అన్నీ ఫొటోలు తీయించి నాకు పంపండి. కూలినవి కూడా.