మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళే ముందు

చిన్నా,

నీ మోకాలి సంగతి నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. తొమ్మిదికి టోకెన్ తీసుకుంటే పన్నెండున్నరకు పిలిచారట. పెద్ద డాక్టర్ ఆపరేషన్‌లో ఉన్నాడని జూనియర్ చూశాడట. ఎక్స్‌రే ఒకసారి పైకెత్తి చూసి, "ఎముక బాగానే ఉంది, ఫిజియో చేయించుకోండి, ఆరు వారాల తర్వాత రండి" అని పంపించేశాడట. కోపం రావడంలో తప్పేం లేదు. కానీ ఒక్క మాట అడుగుతా, చిరాకు పడకు. బిగుతు జీన్స్ వేసుకుని వెళ్ళావట, నిజమేనా?

అది మోకాలి పైకి మడవడం కుదరదు కదరా. డాక్టర్ రెండు మోకాళ్ళూ పక్కపక్కన పెట్టి చూడాలి, వంచాలి, మోకాలి కింది భాగాన్ని పట్టుకుని ముందుకు లాగి వదులుగా ఉందో లేదో చూడాలి. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ లిగమెంట్ (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీ), మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండేది) కనపడవు. ఈసారి షార్ట్ వేసుకుని వెళ్ళు. ఆయన చెయ్యి పెట్టకపోతే నువ్వే అడుగు: "ఒకసారి పట్టి చూస్తారా సార్? ఎంఆర్ఐ అవసరమా?"

నా సంగతి నీకు పూర్తిగా తెలియదు. నాకు భుజం జారినప్పుడు మూడు వారాలు చెయ్యి మెడకు వేలాడదీసుకుని, తర్వాత చూపించుకోవడానికి వెళ్ళా. "ఎలా ఉందమ్మా?" అన్నాడు డాక్టర్. "పర్లేదు బాబూ" అన్నా. మనకు అలవాటు కదా, ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పినట్టు. ఆయన అవే మాత్రలు రాసి పంపాడు. చెయ్యి వెనక్కి పోవట్లేదని నేను చెప్పనే లేదు. భుజం బిగుసుకుపోయింది. ఎనిమిది నెలలు నా జడ మీ పెదనాన్నే వేశాడు, అదీ కొబ్బరి తాడు పేనినట్టు.

అందుకే "నొప్పిగా ఉంది" అని ఊరుకోకు, ఏ పని చేయలేకపోతున్నావో చెప్పు. చిన్న నోట్‌బుక్‌లో ఇలా రాసుకో: మెట్టుగూడ మెట్రో మెట్లు ఎక్కగలుగుతున్నా, దిగేటప్పుడు మోకాలు జారినట్టు అవుతోంది. నేల మీద కూర్చుంటే లేవలేను. మంగళవారం రాత్రి కాలు పట్టేసింది, పది నిమిషాలు చాపలేకపోయా. ఇలా తేదీలతో ఉంటే ఎంత హడావిడిలో ఉన్న డాక్టరైనా తలెత్తి చూస్తాడు. ఫిజియో దగ్గర మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో కొలిపించి, అదీ రాయించుకో. మామూలు మోకాలు 135 దాకా వంగుతుంది. నీది 90 దగ్గరే ఆగితే, వారాలు గడిచినా కదలకపోతే, ఆ అంకె చూపించు.

కాగితాలన్నీ ఒకే ఫైల్లో పెట్టు. ఆసుపత్రిలో ఉన్న రెండు రోజుల కేస్ షీట్ (ఏం చూశారో, ఏం చికిత్స చేశారో రాసిన కాగితాలు) కాపీ కూడా అడుగు. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. రిసెప్షన్‌లో ముఖం చిట్లిస్తారు, చిట్లించనీ. ఆ ఫైల్ ఉంటే రెండో అభిప్రాయానికి ఎక్కడికైనా వెళ్ళొచ్చు. పంజాగుట్ట నిమ్స్ ఉందిగా, అది మొదలైందే ఎముకల దవాఖానాగా. రద్దీ మాత్రం తప్పదు, పెందలాడే బయల్దేరాలి.

మీ నాన్న పుత్తూరు కట్టు అంటున్నాడట. లోపల ఏం తెగిందో తేలకుండా కట్లు, మర్దనలు వద్దని చెప్పు. నా మాట వినకపోతే ఫోన్ ఇవ్వు, నేను చూసుకుంటా.

ఆరు వారాలు ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. పిక్క ఒక్కసారిగా వాచి, నొప్పిగా, వెచ్చగా ఉన్నా, ఆయాసం వచ్చినా, జ్వరంతో మోకాలు ఎర్రబడినా, కాలు మడత దగ్గర ఇరుక్కుని ఎంతసేపటికీ చాపలేకపోయినా ఆ రోజే క్యాజువాలిటీకి వెళ్ళు. టోకెన్ కోసం చూడకు.

బుధవారం నేనూ వస్తా. నువ్వు మొహమాటపడితే నేను అడుగుతా. టిఫిన్ డబ్బా తెస్తున్నా, క్యాంటీన్ ఇడ్లీ మీద డబ్బులు తగలెయ్యకు.

మీ పెద్దమ్మ