డాక్టర్ సలహా: అమ్మకు స్కోరు ఆరే వచ్చింది, డిప్రెషన్ లేనట్టేనా?

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కంపెనీ హెల్త్ యాప్‌లో పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ టెస్ట్ ఇంగ్లిష్‌లో చేస్తే నాకు 13 వచ్చింది. అమ్మకు 61. కరీంనగర్ దగ్గర మా ఊళ్లోనే ఉంటుంది. నాన్న పోయి ఏడాది దాటింది. అప్పటి నుంచి గుండె దడ, ఒళ్లంతా మంటలు, ఆకలి లేదంటుంది. ఐదు నెలల్లో 58 కిలోల నుంచి 51కి తగ్గింది. గుండె డాక్టర్ ఈసీజీ, ఎకో చేసి ఏమీ లేదన్నారు. మెడికల్ షాపతను ఇచ్చిన 0.5 నిద్రమాత్ర ఏడు నెలలుగా వేసుకుంటోంది. వేసుకుంటే నిద్ర పడుతుంది. అప్పుడప్పుడు నేనూ అదే వాడుతున్నాను. పండక్కి వెళ్లినప్పుడు ఆ తొమ్మిది ప్రశ్నలు నేనే తెలుగులో చెప్పి అమ్మను అడిగితే 6 వచ్చింది. చివరి ప్రశ్న అడగలేక సున్నా వేశాను. ఇది అమెరికావాళ్ల కోసం చేసిన టెస్ట్ అని, మనకు పనికిరాదని నా భార్య అంటోంది. నిజమేనా? తెలుగువాళ్లకు సరిపోయే ప్రశ్నావళి ఉంటే పేరు చెప్పగలరు. - ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు అమ్మగారి సంగతి. టెస్ట్ సంగతి తర్వాత చూద్దాం.

ఐదు నెలల్లో ఏడు కిలోలు తగ్గడం చిన్న విషయం కాదు. ఆ వయసులో ఏ ప్రయత్నమూ చేయకుండా అంత తగ్గారంటే డిప్రెషన్ ఒక కారణం కావచ్చు. షుగర్, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, టీబీ, కొన్ని రకాల క్యాన్సర్లు కూడా కావచ్చు. ఎకో బాగుందంటే గుండె బాగుందని, అంతవరకే. ఈ వారంలోనే ఒక ఫిజీషియన్‌కు చూపించండి. రక్త పరీక్ష, షుగర్, థైరాయిడ్, బీ12, సోడియం, ఛాతీ ఎక్స్‌రే వంటివి ఎలాగూ రాస్తారు. మిగతావి ఆమెను చూశాక వాళ్లే నిర్ణయిస్తారు. మనిషిని చూడకుండా ఇది డిప్రెషనే అని గానీ, కాదని గానీ నేను ఇక్కడి నుంచి అనను. అనకూడదు కూడా.

ఇక ఆ తొమ్మిదో ప్రశ్న. చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తోందా అన్నది అందులో అడుగుతారు. కొడుకుకు నోరు రాలేదంటే అర్థం చేసుకోగలను. కానీ అడగని ప్రశ్నకు సున్నా వేయడం ఏం లెక్కండీ? ఖాళీగా వదిలేసినా నయమే, అడగలేదని తర్వాత చూసేవాళ్లకు తెలిసేది. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామందికి భయం. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. ఎవరో ఒకరు అడిగారు, గుండె బరువు దిగింది అని మా ఓపీలో చెప్పినవాళ్లు ఎందరో.

పుస్తకం భాషలో అడగక్కర్లేదు. "దేవుడు ఎప్పుడు తీస్కపోతడో", "ఆయనతోనే నేను గూడ పోతే అయిపోవు" అని మన పెద్దవాళ్లు అంటూనే ఉంటారు. అలాంటి మాట వినపడితే "అట్లెందుకంటవ్" అని కసరకండి. పక్కన కూర్చుని, "ఎప్పుడెప్పుడు అట్ల అనిపిస్తదమ్మా? నీకు నువ్వు ఏమన్న చేసుకోవాలనిపించిందా?" అని అడగండి. అవునన్నా, జవాబు చెప్పకుండా మాట తప్పించినా ఆమెను ఒంటరిగా ఉంచకండి. ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరకో, దగ్గర్లోని ఆసుపత్రికో తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. ఆమె జవాబు ఏదైనా సరే, ఇంట్లో ఉన్న పొలం మందులు, మాత్రలు తాళంలో పెట్టించండి. ఈ పని పండక్కి వెళ్లేదాకా ఆగదు, ఈరోజే ఊరికి ఫోన్ చేసి చెప్పండి.

మాత్ర పేరు రాయలేదు. 0.5 అంటున్నారు కాబట్టి అల్ప్రాజోలమో, క్లోనజిపామో అయ్యుంటుంది. రెండూ ఒకే జాతి. అల్ప్రాజోలం హెచ్1 షెడ్యూల్‌లో ఉన్న మందు. డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదు, అమ్మితే రోగి పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాసుకోవాలి. మన ఊళ్లలో మాత్రం "నిద్ర పడతలేదన్నా" అంటే చాలు, కవర్‌లో చుట్టి చేతిలో పెడతారు. కొద్ది వారాలకు మించి వాడకూడని మందు ఏడు నెలలు వాడారు. ఆ వయసులో రాత్రి బాత్‌రూమ్‌కు లేచి తూలి పడటం, తుంటి ఎముక విరగడం, మతిమరుపు, పగలంతా మత్తు, ఇవన్నీ ఈ మాత్రతో వచ్చేవే. ఇంకో మాట, ఆమెకు కల్లు అలవాటు ఉందా? తప్పుగా అనుకోకండి, మీ వైపు నుంచి వచ్చే ప్రతి ఒక్కరినీ అడుగుతాను. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేవాటిలో ఈ అల్ప్రాజోలం కూడా ఒకటి. కల్లులో కొంత, మాత్రలో కొంత పోతుంటే మనిషి ఎంత మందు తీసుకుంటోందో ఎవరికీ లెక్క ఉండదు.

ఇదంతా చదివి భయపడి రేపటి నుంచి మాత్ర ఆపించేయకండి. నెలల తరబడి వాడిన మందు ఒక్కసారిగా ఆపితే వణుకు, విపరీతమైన ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టర్ చెప్పినట్టు కొన్ని వారాల్లో మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

మీరు గమనించారో లేదో, మీ టెస్ట్‌ను సగం చెడగొట్టింది కూడా ఈ మాత్రే. నిద్ర గురించి అడిగితే "బాగనే పడుతది" అని ఉంటుంది, మీరు సున్నా వేసి ఉంటారు. అది మాత్ర తెచ్చిన నిద్ర. నీరసం, ఏకాగ్రత లేకపోవడం, మందకొడిగా కదలడం అడిగే ప్రశ్నల్లో మాత్ర వల్లే మార్కులు పెరిగి ఉండొచ్చు. ఒకచోట తగ్గించి ఇంకోచోట పెంచింది. మిగిలిన ఆరులో జబ్బు ఎంత, మాత్ర ఎంత అన్నది ఎంత మంచి ప్రశ్నావళి తెచ్చినా తేలదు.

సరే, మీరు అడిగినదానికి వస్తాను. మీ భార్య అన్నది సగం నిజం. పీహెచ్‌క్యూ-9ను స్పిట్జర్, క్రోన్కే, విలియమ్స్ అమెరికాలో తయారుచేశారు. 2001లో అచ్చైన వాళ్ల అధ్యయనంలో మామూలు క్లినిక్‌లకు, గైనిక్ క్లినిక్‌లకు వచ్చిన 6,000 మంది దాన్ని నింపారు. వాళ్లలో 580 మందితో మానసిక ఆరోగ్య నిపుణులు విడిగా మాట్లాడి, కాగితం చెప్పినదీ మనిషి చెప్పినదీ కలుస్తున్నాయా అని సరిచూశారు. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే జాగ్రత్తపడాలన్న గీత అక్కడ గీసిందే. తర్వాత ఎన్నో అధ్యయనాల రోగుల వివరాలు కలిపి చూసిన విశ్లేషణ 2019లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. నిపుణులు క్షుణ్ణంగా ఇంటర్వ్యూ చేసిన చోట్ల ఆ గీత డిప్రెషన్ ఉన్న 100 మందిలో 88 మందిని పట్టింది, లేని 100 మందిలో 85 మందిని సరిగ్గా వదిలేసింది.

వినడానికి బాగుంది కదా. ఒక చిన్న లెక్క వేసి చూడండి. 1,000 మందిలో 100 మందికి డిప్రెషన్ ఉందనుకుందాం. టెస్ట్ 88 మందిని పడుతుంది, 12 మంది జారిపోతారు. జబ్బు లేని 900 మందిలో 135 మందికి కూడా పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తుంది. అంటే ఆ గీతకు చేరిన 223 మందిలో 135 మందికి డిప్రెషన్ లేదు. ఎవరితో ఇంకాస్త మాట్లాడాలో చూపించడమే దాని పని, నిర్ధారణ ఆ మాట్లాడటంలో తేలుతుంది.

ఇంకో భాషకు, ఇంకో జనానికి తీసుకెళ్లినప్పుడు ఈ సరిచూడటం అంతా మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఒకరు అనువదిస్తారు, అసలు ప్రతి చూడని ఇంకొకరు దాన్ని తిరిగి ఇంగ్లిష్‌లోకి మారుస్తారు, ఎక్కడ తేడా పడిందో చూస్తారు. తర్వాత మామూలు మనుషులకు చదివి వినిపించి "మీకు ఏమర్థమైంది" అని అడుగుతారు. ఆ పైన స్కోరు తెలియని సైకియాట్రిస్టు అదే మనుషులతో మాట్లాడతారు. ఒకచోట 10 దగ్గర సరిపోయిన గీత ఇంకోచోట 8 దగ్గరో 12 దగ్గరో పడొచ్చు. ఒకే భాషలో కూడా తేడాలుంటాయి. ఏడుపు గురించి అడిగితే అంతే జబ్బు ఉన్న మగవాళ్లకన్నా ఆడవాళ్లు ఎక్కువగా అవునంటారు. మగాడు ఏడవడు, ఏడ్చినా చెప్పడు.

బాలింతల కోసం 1987లో వచ్చిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఒక వాక్యం ఉంది, "థింగ్స్ హావ్ బీన్ గెటింగ్ ఆన్ టాప్ ఆఫ్ మీ" అని. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే ఏదో నెత్తికెక్కి కూర్చున్నట్టు ఉంటుంది. మన బాలింత "ఊపిరి సలపట్లేదు" అంటుంది. జింబాబ్వేలో వైద్యులు ఈ తంటా అంతా ఎందుకని అక్కడి వాళ్ల మాటల నుంచే మొదలుపెట్టారు. షోనా భాషలో "కుఫుంగిసిసా" అంటే అతిగా ఆలోచించడం. అలాంటి సొంత మాటలతో 14 ప్రశ్నల షోనా ప్రశ్నావళి 1990లలో తయారైంది. హరారేలో క్లినిక్‌ల బయట బెంచీల మీద కూర్చుని అవ్వలు కౌన్సెలింగ్ చేసే కార్యక్రమంలో వాడేది అదే. మీ ఊళ్లో "రంది" అన్న మాట ఉంది చూడండి, ఆ కుఫుంగిసిసాకు అదే అక్క. "మీకు నిరాశగా ఉందా" అని అడిగితే "నాకేం నిరాశ బిడ్డా, కొడుకు పట్నంల మంచిగున్నడు" అని అన్న తల్లే, "ఏమన్న రంది పెట్టుకున్నవా అమ్మా" అంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. కోస్తా వైపు రంది అంటే తెల్లమొహం వేస్తారు, అక్కడ బెంగ, దిగులు. తెలుగులోకి అనువదించామంటే సరిపోదు, ఏ తెలుగులోకి అని కూడా అడగాలి.

పీహెచ్‌క్యూ-9 జవాబుల్లోనూ చిక్కుంది. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అలా ఉందో అందులో చెప్పాలి. "సగం కంటే ఎక్కువ రోజులు" అనే జవాబును ఓపీలో చాలామంది "రోజులో సగం పూట" అని వింటారు. నేనైతే "ఈ పద్నాలుగు రోజుల్లో వారం దాటిందా, దాటలేదా" అని అడుగుతాను. ఎనిమిదో ప్రశ్నలో మెల్లగా కదలడం, కుదురు లేకపోవడం రెండూ కలిపి అడుగుతారు. పెద్దవాళ్లు రెండో సగం మాత్రమే విని జవాబు చెబుతారు. వృద్ధుల కోసం జీడీఎస్ అని అవును, కాదు చెప్పే ప్రశ్నావళి ఉంది. నొప్పులు, నిద్ర వయసు వల్ల కూడా మారతాయని అందులో ఒంటి బాధలు దాదాపు తీసేశారు. ఆలోచన మంచిదే. కానీ మన అమ్మలు మనసు బాధ చెప్పేదే ఒంటి భాషలో. మంటలు, దడ, తల దిమ్ము, గ్యాస్ పైకి ఎగదన్నడం, ఇవి తీసేస్తే అమ్మగారి గురించి మీరు రాసినదాంట్లో సగం పోతుంది.

తెలుగులో పీహెచ్‌క్యూ-9 ఉంది. పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లో ఈ ప్రశ్నలు అడిగి, అవసరమైన వాళ్లను పీహెచ్‌సీ డాక్టర్‌కు పంపిన ప్రాజెక్టు కూడా జరిగింది. మీరు అప్పటికప్పుడు చెప్పుకున్న అనువాదం కన్నా అది ఎన్నో రెట్లు నయం. అడిగేది కొడుకు కాకపోతే ఇంకా నయం. కొడుకు కంగారు పడతాడని తల్లి అన్నింటికీ ఒకటి తగ్గించే చెబుతుంది.

మీకొచ్చిన 13 గురించి మీరు ఏమీ అడగలేదు, నేను అడుగుతాను. ఆ ప్రశ్నల కింద మార్కులు లేని ఇంకో ప్రశ్న ఉంటుంది, ఈ ఇబ్బందుల వల్ల పని, ఇల్లు, మనుషులతో మెలగడం ఎంత కష్టమైందని. దానికి ఏం రాశారు? తండ్రి పోయింది మీకు కూడా. 13ను తీసిపారేయకండి, దాన్ని చూసి డిప్రెషన్ అని ముద్ర వేసుకోకండి. ఒకసారి డాక్టర్‌తో మాట్లాడండి. ఎప్పుడైనా నిద్ర అవసరం లేనంత హుషారు, విపరీతమైన ఖర్చు, ఆగని మాటలు ఉన్న రోజులు గడిచి ఉంటే తప్పకుండా చెప్పండి, దాన్నిబట్టి మందే మారిపోతుంది. అమ్మ మాత్ర మీరు వేసుకోవడం మాత్రం ఇక వద్దు. అది వేసుకుని ఓఆర్ఆర్ మీద కారు నడుపుతున్నారేమోనని కూడా నాకు అనుమానం.

డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు అమ్మగారిని పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడనివ్వండి, మీరు బయట కూర్చోండి. బీపీ మందులుంటే వాటితో సహా ఆమె వాడుతున్నవన్నీ సంచిలో వేసుకెళ్లండి. కొన్ని బీపీ మాత్రలతో డిప్రెషన్ మందులు కలిస్తే పెద్దవాళ్లలో సోడియం పడిపోవచ్చు, అది చూసే మందు రాయాలి. నిద్రమాత్రల స్ట్రిప్ ఖాళీ అయినా పారేయకండి, పేరూ మిల్లీగ్రాములూ దాని వెనకే ఉంటాయి.