ఒకే డీఎన్‌ఏ నుంచి ఇన్ని రకాల రక్తకణాలు ఎలా?

ఎముక మజ్జలోని ఒకే మూలకణం నుంచి ఎర్రకణమూ తెల్లకణమూ ఎలా పుడతాయని అడిగారు. మాది తిరుపతి కాబట్టి తిరుమల పోటుతోనే, అంటే శ్రీవారి వంటశాలతోనే చెబుతాను. సరుకులు నిల్వచేసే ఉగ్రాణంలో శనగపిండి, నెయ్యి, చక్కెర, మినుములు, మిరియాలు అన్నీ ఉంటాయి. లడ్డూకు ఏది ఎంత తీయాలో దిట్టం చెబుతుంది. వడ లెక్క వేరు. డీఎన్‌ఏ ఆ ఉగ్రాణం లాంటిది.

దిట్టం పట్టుకొచ్చేవి కొన్ని ప్రొటీన్లు. గాటా1 పైచేయి అయితే కణం ఎర్రకణం దారి పడుతుంది, పీయూ.1 గెలిస్తే కొన్ని రకాల తెల్లకణాల వైపు మళ్లుతుంది. ఇవి ఒకదాన్నొకటి అణచివేస్తాయి. అక్కర్లేని జన్యువులున్న డీఎన్‌ఏ హిస్టోన్లనే ఉండల్లాంటి ప్రొటీన్ల చుట్టూ బిగుసుకుని, చాలాచోట్ల మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులతో మూతబడి ఉంటుంది.

నాకు అన్నిటికంటే అపురూపంగా తోచేది బీసీఎల్11ఏ అనే జన్యువు, దాని ప్రొటీన్. పుట్టిన తర్వాత గర్భస్థ హిమోగ్లోబిన్‌ను (కడుపులో ఉన్నప్పుడు శిశువు రక్తంలో ఆక్సిజన్ మోసే రకాన్ని) అణచి ఉంచడంలో దీనిదే ముఖ్యపాత్ర. రోగి మూలకణాలను బయటికి తీసి, ఎర్రకణాల వరుసలో ఈ జన్యువును పనిచేయించే చిన్న డీఎన్‌ఏ భాగాన్ని జన్యువులను కత్తిరించే క్రిస్పర్ అనే పనిముట్టుతో కత్తిరించి, ఆ కణాలను తిరిగి రోగికి ఎక్కిస్తే, ఆగిన ఆ హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. లోపమున్న హిమోగ్లోబిన్ వల్ల ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్‌సెల్ వ్యాధికి ఈ చికిత్సను 2023లో బ్రిటన్, అమెరికా అనుమతించాయి. హిమోగ్లోబిన్ సరిగా తయారుకాక, కొన్ని వారాలకొకసారి రక్తం ఎక్కించుకోక తప్పని తలసీమియా రోగులకూ ఇదే దారి తెరుచుకుంది.