ఆషాఢంలో ఈఎంఐ ఎక్కడి నుంచి కడతారు?

ప్రశ్న: విజయవాడలో ఉంటాను. వయసు 31. ఉద్యోగం మానేసి మూడేళ్లుగా సహజ రంగులద్దిన నూలు బట్ట మీద, పాత పట్టుచీరల ముక్కల మీద చేత్తో ఎంబ్రాయిడరీ చేసి బ్లౌజులు, దుపట్టాలు అమ్ముతున్నా. దారాలు, బట్ట ఖర్చు పోను నెలకు సగటున రూ.40 వేలు వస్తోంది. ఇంటి ఖర్చు రూ.26 వేలు. బ్యాంకులో రూ.70 వేలున్నాయి, నెలకు రూ.3 వేల మ్యూచువల్ ఫండ్ సిప్ నడుస్తోంది. హైదరాబాద్ బొటిక్ ఒకటి పెద్ద ఆర్డర్లు ఇస్తానంటోంది, డబ్బు మాత్రం 60 రోజులకు. నలుగురు పనివాళ్లతో యూనిట్ పెట్టడానికి అమ్మ నగలపై రూ.2 లక్షలు, పర్సనల్ లోన్ రూ.3 లక్షలు తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. సొంత పని చేసుకునే చాలామందిలాగే మీరూ సగటు ఆదాయాన్ని నెల జీతంలా లెక్కేశారు. పెళ్లిళ్ల సీజన్లో రూ.70 వేలు వచ్చినా ఆషాఢంలో, శుక్ర మూఢంలో పదివేలు రావడం కష్టం. బ్యాంకుకు మూఢంతో పనిలేదు. రూ.3 లక్షలకు 16 శాతం వడ్డీతో మూడేళ్లకు ఈఎంఐ దాదాపు రూ.10,500. నగల మీద 10 శాతం అనుకున్నా నెలకు వడ్డీయే రూ.1,700 దాకా ఉంటుంది. మంచి చెడు నెలలు కలిపి మీకు మిగిలే రూ.14 వేలల్లో చేతికొచ్చేది రూ.1,800. షెడ్డు అద్దె, నలుగురి కూలి ఇంకా లెక్కలోకే రాలేదు. రాని ఆర్డరును నమ్మి అమ్మ నగలు వేలం అంచుకు తీసుకెళ్లడం ఏం ధైర్యం?

ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే రూ.1.56 లక్షలు పక్కన పెట్టండి. ఇంకా రూ.86 వేలు కావాలి. అది నిండేదాకా సిప్ ఆపండి. ముహూర్తాలున్న నెలల మిగులంతా ఇందులోకే వెళ్లాలి. రికరింగ్ డిపాజిట్ మీకు కుదరదు, పని లేని నెలలో ఆ వాయిదా కూడా భారమే. ఆటో స్వీప్ ఉన్న ఖాతా, అంటే పరిమితి దాటిన డబ్బు దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి వెళ్లే పొదుపు ఖాతా చాలు. ఈ డబ్బుతో దారాలు, బట్ట కొనకూడదు. ఆర్డరు ఎంత ఊరించినా సరే.

ఉద్యోగంతోపాటు కంపెనీ ఆరోగ్య బీమా కూడా పోయి ఉంటుంది, సొంత పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. కుడిచెయ్యి విరిగి రెండు నెలలు సూది పట్టలేకపోతే ఇల్లెలా గడుస్తుంది? పని చేయలేని వారాలకు పరిహారమిచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా కూడా ఉండాలి.

బొటిక్ షరతు ఒప్పుకోకండి. చిన్న పరిశ్రమల కోసం కేంద్రం నడిపే ‘ఉద్యమ్’ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే, 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం ప్రకారం ఒప్పందంలో ఎంత రాసుకున్నా 45 రోజుల్లోపు చెల్లించాల్సిందే. ఆలస్యమైతే వడ్డీ అడగవచ్చు. సగం అడ్వాన్సు ఇవ్వనివాళ్ల పని ముట్టుకోకండి.

మీ బ్లౌజుకు ధర వస్తున్నది మీ చేతి కుట్టు వల్ల. ఒకేసారి నలుగురు కొత్తవాళ్ల చేతిలో పెడితే ఆ పనితనం నిలవదు. నిధి నిండాక ఒక్కరిని పీసు రేటుపై పెట్టుకుని నేర్పించండి. పెట్టుబడి చాలకపోతే కేంద్ర ప్రభుత్వ ముద్ర రుణ పథకంలోని ‘శిశు’ విభాగం కింద హామీ లేకుండా రూ.50 వేల వరకు అడగవచ్చు. హస్తకళాకారుల ‘పెహచాన్’ కార్డు తీసుకుంటే మేళాల్లో స్టాల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు, అక్కడ కొన్నవాళ్లు డబ్బు అప్పటికప్పుడే ఇస్తారు.