మందు కంటే ముందు సమయం చూడు

నెల్లూరు

చిట్టి తల్లికి తాతయ్య ఆశీస్సులు.

చల్లగా దాచిన గుండెకు మళ్లీ సత్తువనిచ్చే మందుల మీద పరిశోధన మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మన ఊళ్లో దానమిచ్చిన గుండె చెన్నై చేరాలంటే దాదాపు 175 కిలోమీటర్ల దారి. 4 డిగ్రీల చల్లదనంలో దానికి ఉండే గడువు నాలుగు గంటలు, మహా అయితే ఆరు. ఆ గడువు ఒక్క గంట పెరిగినా ఎంత మేలో నీకే తెలుసు.

ఏ మందు వాడాలా అని తర్వాత ఆలోచించు, దెబ్బ ఎప్పుడు తగులుతోందో ముందు చూడు. రొయ్యల పెట్టెలో ఐసు పోస్తే చాలు, వాటికి ప్రాణం లేదు కనుక. గుండె అలా కాదు, ఐసులోనూ బతికే ఉంటుంది. శక్తి తరిగేకొద్దీ కణంలోంచి సోడియాన్ని తోడేసే పంపు నెమ్మదిస్తుంది, లోపల ఆమ్లం పేరుకుంటుంది. ఆమ్లాన్ని బయటికి నెట్టబోయి కణం సోడియాన్ని లోపలికి తెచ్చుకుంటుంది, దాని వెంట కాల్షియం చేరుతుంది. మళ్లీ వెచ్చని రక్తం తగిలిన తొలి నిమిషాల్లో ఆ కాల్షియం, కణాన్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ కలిసి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా గోడలో రంధ్రాలు తెరుస్తాయి. పెద్ద దెబ్బ అక్కడే.

అందుకే సోడియం దారి మూసే కారిపొరైడ్ నిల్వ ద్రవంలోనే ఉండాలి. ఆ రంధ్రాలను ఆపే సైక్లోస్పోరిన్ మాత్రం రక్తం తగిలేసరికి కణంలో సిద్ధంగా ఉండాలి. దాని డోసు పెంచుకుంటూ పోకు: ఎలుక గుండెలో 0.2 మైక్రోమోలార్ దగ్గర కనిపించిన మేలు అంతకు మించితే తగ్గింది. దాన్ని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగిస్తే, ఉత్త డీఎంఎస్ఓ ఇచ్చిన గుండెలను కూడా పక్కన పెట్టి పోల్చు. డీఎంఎస్ఓ కూడా ఫ్రీ రాడికల్స్‌ను అణుస్తుంది, ఆ మేలు మందు ఖాతాలో పడకూడదు. అవయవాలను నిల్వచేసే యూడబ్ల్యూ ద్రవంలో కణాలను కాపాడే అడినోసిన్, అల్లోప్యూరినాల్, గ్లూటాథయోన్ ముందే ఉంటాయి, అది కూడా గుర్తుంచుకో.

బయటికి తీసిన గుండెకు రక్తం బదులు పంపే క్రెబ్స్ ద్రావణంలో గ్యాస్ (ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం) బాగా పట్టించాకే కాల్షియం కలుపు, లేకపోతే తెల్లగా విరిగిపోతుంది. గుండె కొట్టుకుంటే చాలనుకోకు, బెలూన్ పెట్టి ఎడమ జఠరికలో పీడనం కొలువు. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఎలుకను ముట్టుకోకమ్మా.

బైపాస్ రోగులకు కారిపొరైడ్ ఇచ్చినప్పుడు గుండెపోట్లు తగ్గాయి గానీ, పక్షవాతం వల్ల మరణాలు పెరిగాయి. పెట్టెలోని గుండెకే మందు పట్టించి, అమర్చే ముందు కడిగేస్తే రోగి ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ. నా మాట విని నిల్వ ద్రవంతోనే మొదలుపెట్టు. ఏ గుండెకు ఏం ఇస్తావో పట్టిక వేసి పంపు, కూర్చుని చూస్తాను.

మీ తాతయ్య